ఏడో మెట్టు, మూడో తీగ

బీ షిఫ్టు దిగి నెల్లిమర్ల మిల్లు గేటు దాటేసరికి
పదింపావు.
చొక్కా మీద జనపనార నూగు, కనుబొమల మీదా అదే,
గిటారు సంచీ జిప్పు పళ్ళలోనూ అదే.

పదకొండేళ్ళు చర్చిలో రిథమ్ వాయించాను.
జీ, సీ, డీ.
ఏ కీర్తననైనా ఆ మూడు గుమ్మాల్లోంచే పంపేవాణ్ణి.
ఎవరూ తల తిప్పి చూడలేదు.
"సూడకపోతేనే నువ్వు బాగా వాయించినట్టు"
అన్నారు ఇమ్మానియేలు మాస్టారు, ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు విసురుతూ.
ఇరవయ్యేళ్ళు పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో లీడ్ వాయించిన మనిషి,
ఇప్పుడు విజీనారం కోట గోడ పక్కన
ఊళ్ళోవాళ్ళ చొక్కాలకి మడతలు దిద్దుతున్నారు.

ఈ బ్లూస్ ముక్క ఆయనిచ్చిందే.
అరచేతిలో పట్టేంత.
మూడో తీగ, ఏడో మెట్టు, ఉంగరం వేలు.
నొక్కి, పైకి తోసి,
పై స్వరం దాకా సాగదీయాలి.
విడవాలి.
ఐదో మెట్టుకి దిగి, నాలుగో తీగ మీద ఇంటికి రావాలి.
చేరావో లేదో తెలియాలంటే
రెండో తీగ ఐదో మెట్టు మీద ఆ స్వరం ముందే కూర్చుని ఉంటుంది,
దాన్ని మోగించి అడుగు, అన్నారు.

అడుగుతూనే ఉన్నాను నాలుగు నెలలుగా,
డబ్బా ఆంప్ మీద దుప్పటి కప్పి.
నా తీగ దాని గుమ్మం దాకా వెళ్ళి
చెప్పులు విడవకుండానే తిరిగొచ్చేస్తుంది.
వేలి కొనన పొక్కు, పొక్కు మీద కాయ.
స్పిన్నింగులో తెగిన పోగు ముడెయ్యబోతే
ఆ వేలికి పోగు తెలియట్లేదు.
సూపర్‌వైజరు గొణుగుతాడు. వాడికేం చెప్పను?

ఇంకోటి కూడా చెప్పారు మాస్టారు:
ముక్క వాయించాక ఆగు.
నాలుగు లెక్కలు ఏమీ ముట్టుకోకు, జవాబుకి చోటుండనీ.
అది మరీ కష్టం.
పదకొండేళ్ళు ఖాళీలు పూడ్చిన చెయ్యి
ఖాళీ కనబడితే ఊరుకోదు.

కింద గదిలో అసిరప్పడు తాత,
మిల్లు సైకిల్ స్టాండు కాపలా.
"ఏటిరా గుంటడా, రేత్రల్లా అదే కూత!
పిల్లి తోక తొక్కినట్టు."
మర్నాడు మెట్ల మీద ఆపి తనే అన్నాడు:
"లాగినోడివి లాగీయాల. మజ్జిలో బయపడిపోతావేటి?"
తనది జముకట. ఒకటే తీగ,
సంకలో పెట్టుకుని ఊళ్ళమ్మట కథలు.
రాణి ఏడ్చే చోట ఇలగే లాగేవోడట.
ఎంతవరకు, అని అడిగాను.
"ఆడోళ్ళు కొంగు తీసేవరకూ."
జముకు ఎక్కడుంది తాతా?
"తోలు ఎలకలు తినీసినాయి."
టీ గ్లాసు కడుక్కుని వెళ్ళిపోయాడు.

అప్పట్నుంచి దూరం కొలవడం మానేశాను.
మానేశానని చెప్పడమే.
నిన్న తెల్లారి మిల్లు కూతకి కూడా ఫోన్లో ట్యూనర్ పెట్టాను.
కిందనుంచి మూలుగుతూ ఎక్కి ఎక్కి
పైన ఆగింది. సూది
రెండు గీతల మధ్య వణికింది, ఏ పేరూ చెప్పలేదు.
ముప్పయ్యేళ్ళుగా వింటున్నాను దాన్ని.
లాకౌటు నెలల్లో అది లేక
పొద్దెక్కేదాకా తలుపులు తీయని వీధి మాది.
దానికి పేరు లేదని నిన్ననే తెలిసింది.

ఆదివారం.
కానుకల సంచీ వరసల్లో తిరుగుతోంది.
జీలోంచి సీకి, సీలోంచి డీకి వెళ్ళే సందులో
ఉంగరం వేలు నన్నడక్కుండా తీగని తోసింది.
పావు వంతు, అంతకంటే లేదు.
పాడేవాళ్ళలో చివరనున్న సువార్తమ్మ తల తిప్పి చూసింది.
పాస్టరుగారు కళ్ళు మూసుకునే ఉన్నారు.
చేరిందా?
రెండో తీగని అడిగే తీరిక లేదు,
డీ వచ్చేసింది.